కొల్ల, పాడు : అర్థవిచారము

పరధనమును బలిమిఁ గైకొనుటను జెప్పు మాటలు తెలుఁగునఁ బెక్కులు గలవు. దోఁపు, దోఁపిడి, చూఱ, కొల్ల యనునవి దేశ్యములు. లుంఠనము సంస్కృతసమము. లూటి హిందూస్థానీనుండి వచ్చినది. వీనిలోఁ గొల్ల కావ్యములందును, కైఫీయతులందును, పల్లెల పలుకుబడియందును నొక్కరీతిగా నిలిచిన పదము. అట్లయ్యును దాని యర్థము పాఠశాలలలో సరిగాఁ జెప్పఁబడుట లేదు. కొల్లగొట్టు అను క్రియకు నాశనము చేయుట యనియు, పాడుచేయుట యనియు టిప్పణములు వ్రాయుట పరిపాటియైనది. బాలురు దానినే వల్లించి, కొల్ల, పాడు, ధ్వంసము అను మూఁటిని నొక్కయర్థము గల మాటలుగా భావించుచున్నారు.

ఈ పొరపాటు చిన్నదిగాఁ దోఁచును. కాని చరిత్రగ్రంథములను జదువునపుడు దీనివలనఁ గలుగు చెఱుపు చిన్నది కాదు. కొల్లయందుఁ గొల్లగొనువాఁ డొకఁడు తప్పక యుండును. పాడునకుఁ గర్త యక్కఱలేదు. ఒకదానికి బదులు వేఱొకదానిఁ జెప్పినచోఁ జేసినవాఁడు మఱుఁగుపడును. అనావృష్టికి నెలవైన అనంతపురపుఁ బీఠభూమి చరిత్రమున నీ భేదము మిక్కిలి యావశ్యకము. అచ్చట నూళ్లు పాడుపడుటకు వానలేమి యొక కారణము; కొల్ల మఱియొక కారణము. రెంటిని విడఁదీయుటకు ముందుగాఁ బదముల యర్థము నిశ్చితము కావలెను.

వ్యుత్పత్తి

కొల్ల యను పదమునకు మూలము కొను ధాతువే. తమిళ కన్నడములలో నీ ధాతువు కొళ్ అను రూపమునఁ గలదు. బరో, ఎమెనో పండితులు 1961వ సంవత్సరమునఁ బ్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి కోశమునందుఁ గొళ్, కొను అనునవి యొక్కచోటనే చేర్పఁబడినవి. తెలుఁగున నిది నకారాంతమైనను, బ్రేరణరూపమునందుఁ బూర్వపు లకారము నేఁటికిని నిలిచియున్నది. నెలకొను, నెలకొల్పు, మేలుకొను, మేలుకొల్పు, పురికొను, పురికొల్పు అను జంటలు విద్యార్థు లెల్లరు నెఱిఁగినవే. ఆ లకారమే కొల్లయందును గనఁబడుచున్నది. తమిళమునఁ గొళ్ళై, కన్నడమునఁ గొళ్ళె యనునవి దీనికి సోదరపదములు. తమిళమునఁ బెరటిని, మెట్టచేనిని జెప్పు కొల్లై యను పదము వేఱొకటి కలదు. అది వేఱు లకారము గలది గావున దానికిని దీనికిని సంబంధము కల్పింపరాదు. తెలుఁగున ళకారద్విత్వము లకారద్విత్వముగా మాఱుటచేత నిట్టి భ్రమకుఁ జోటు గలుగుచున్నది.

కాఁబట్టి కొల్ల యనఁగా మొదట కొనుట, పట్టుకొనిపోవుట యని మాత్రమే. ఇందు నాశనభావము లేదు. కొల్లగొను నను సమాసమున నొక్క ధాతువే రెండుమాఱులు వచ్చుట దోషము కాదు. ఆట యాడుట, పాట పాడుట యను వాడుక యెట్టిదో యిదియు నట్టిదే. కొల్లగొను, కొల్లగొట్టు, కొల్లవెట్టు, కొల్లలాడు అనునవి కొనువానిపరముగాఁ బుట్టినవి. కొల్లవోవు ననునది పోఁగొట్టుకొన్నవాని పరముగాఁ బుట్టినది. ఇన్ని రూపములందును వస్తువు చేతులు మాఱుటయే చెప్పఁబడినది కాని వస్తువు నశించుట చెప్పఁబడలేదు.

ఈ భావమునకు శిలాసాక్ష్యమును గలదు. మడకశిర ప్రాంతమందలి హేమావతి పూర్వము హెంజేరను పేర నొళంబ పల్లవులకు రాజధానిగా నుండెను. 1882వ సంవత్సరమున నేర్పడిన అనంతపురము జిల్లాలోనిదైన యీ యూరు 2022వ సంవత్సరపు విభజనచే శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినది. తెలుఁగు కన్నడములు కలసిన యీ సీమయందును, దీని నానుకొనిన కన్నడ మండలములందును వీరగల్లులు నిలువఁబెట్టుట యాచారము. పగవారు తోలుకొనిపోవు నాలమందలను మరల్పఁబోయి మడిసిన వీరులకై నిలిపినవి వానిలోఁ బెక్కులు గలవు. ఆ మందలఁ బట్టుటకుఁ గన్నడ శాసనములందుఁ దుఱుగోళ్ అని పేరు. తుఱు వనఁగా నాలమంద. గోళ్ అనఁగాఁ గొనుట. సంస్కృతమున గోగ్రహణ మనునది సరిగా నిదియే. తిక్కన విరాటపర్వమున దక్షిణ గోగ్రహణమును, నుత్తర గోగ్రహణమును బాఠముగాఁ జెప్పు పండితులకు నీ సంగతి వివరింపఁ బనిలేదు. మత్స్యపతి మందలు పట్టువడినవి, మరల విడిపింపఁబడినవి. పాడైనది యేదియు లేదు. అపహరణమున వస్తువు నిలిచియుండుట చేతనే దానిని మరల్చుకొనుటకుఁ బోరు గలిగినది. వీరగల్లునకుఁ గారణము కొల్ల, పాడు కాదు.

విస్తారార్థము

నిఘంటువులు కొల్లకు రెండర్థములు చెప్పుచున్నవి. ఒకటి దోఁపిడి, రెండవది విస్తారము, సమృద్ధి. రెంటికిని సంబంధ మెట్టిదో చెప్పినవి యరుదు. ఒక్క పదమునకు దోఁపిడి, సమృద్ధి యను విరుద్ధార్థము లెట్లు పొసఁగునని కొందఱు సందేహించి, యివి రెండు వేఱువేఱు పదములని తలఁచుటయుఁ గలదు. ఇది యక్కఱలేని కల్పన. కొనుట రెండు విధములు. వెల యిచ్చి, కొలిచి, లెక్కించి కొనుట కొనుగోలు. వెలయు లెక్కయు లేక కొనుట కొల్ల. వెల యీయక బలిమిఁ గొన్నచో దోఁపిడి. లెక్కింపఁ బనిలేనంతగా నుండి యెవ్వరైనను గొనఁదగినచో సమృద్ధి. సంతకు మామిడిపండ్లు కొల్లలుగా వచ్చినవని రైతు చెప్పునపుడు వానిని లెక్కింపఁజాలమనియు, వాని వెల పడిపోయినదనియుఁ దాత్పర్యము. రెండర్థములకును మూలము లెక్కలేమియే.

తమిళమునను నిదే తీరు. కొళ్ళై యనునది దోఁపిడికిఁ బేరు. కొళ్ళై యళగు అనఁగా మేరలేని యందము. తోడిభాషలో రెండర్థములును నొక్కటిగా నుండుట చేతఁ దెలుఁగున నిది యొక్క పదమే యని స్థిరపడుచున్నది. చూఱ యను పదమును నిట్టిదే. చూఱగొనుట దోఁచుట, చూఱవిడుచుట తన సొమ్మును జనులు కైకొనునట్లు విడిచిపెట్టుట. కొనువాని బలిమి ప్రధానమైనచో నొకయర్థము, ఇచ్చువాని యీవి ప్రధానమైనచో వేఱొకయర్థము.

కవులు మనసును గొల్లగొనుట, హృదయమును జూఱగొనుట యని వ్రాసినచోట్ల నీ విషయము మఱింత స్పష్టము. నాయిక చూపు నాయకుని మనసును గొల్లగొన్నదని చెప్పినపుడు, ఆ మనసు పాడైనదని వ్యాఖ్యాత వ్రాసినచో రసభంగము తప్పదు. మనసు నశింపలేదు, ఉన్నచోటు మాఱినది. పోఁగొట్టుకొన్నవాఁడే సంతసించు కొల్ల యది. కొల్లకు నాశన మర్థమేని యీ ప్రయోగము పుట్టియే యుండదు.

భాషాంతరమున నొక పదముతోఁ బోల్చినచో నీ భేదము చక్కఁగాఁ దెలియును. ఆంగ్లమున హేవక్ అను పదము పూర్వము సైనికులకు దోఁచుకొనుటకు ననుమతి నిచ్చు కేక. పూర్వపు ఫ్రెంచినుండి వచ్చిన దీని మూలార్థము దోఁపిడియే. ఆజ్ఞ లేక యీ కేక వేసినవానికి శిరశ్ఛేదము విధించుచు 14వ శతాబ్దమున రెండవ రిచర్డు రాజు సేనాశాసనము చేసెను. కాలక్రమమున దోఁపిడి యను నర్థము జాఱిపోయి, వినాశ మను నర్థమొక్కటే మిగిలినది. నేఁడు తుపానును, వ్యాధియు హేవక్ కలిగింపఁగలవు. కర్తృత్వము మనుష్యునినుండి తొలఁగినది. తెలుఁగుఁ గొల్ల యా త్రోవఁ బోలేదు. అది వినాశమువంకకుఁ గాక సమృద్ధివంకకు విస్తరించినది. తుపాను పంటను బాడుచేసె నందురు కాని కొల్లగొట్టె ననరు; అన్నచో నలంకారమే. ఆంగ్లపదమును మనసునం దుంచుకొని తెలుఁగుఁ గొల్లకు నర్థము వ్రాయుట తప్పునకుఁ బ్రథమకారణమై యుండవచ్చును.

పాడు

పాడు అను పదము వేఱొక జాతికిఁ జెందినది. పాడగుట, పాడుపడుట, పాడుచేయుట, పాడుపెట్టుట యని దీని వాడుకలు. ఇందు వస్తువే చెడును. ఇల్లు పాడుపడును, బావి పాడుపడును, బుద్ధియుఁ బాడగును. దీనికిఁ గర్త యుండవచ్చును, లేకపోవచ్చును. వాడుకలేమియే చాలును. నూయి దోడువారు లేకపోయినఁ దానే పాడగును. కొల్ల యొక దినపుఁ బని. పాడు పెక్కేండ్ల ఫలము.

మద్దిపాడు మొదలైన యూళ్లపేళ్ల చివరనున్న పాడు ఊరను నర్థము గలది. దానిని శిథిలార్థముగా గ్రహించి, యా యూళ్లన్నియు నొకప్పుడు నాశమైనవని కథలల్లుట తగదు. శిథిలార్థమున నున్న పాడునకు షష్ఠియందుఁ బాటి యని రూపము. నాఁడు నాఁటి యైనట్లును, వీడు వీటి యైనట్లును నిది యేర్పడినది. పూర్వపు టూరున్న చోటు పాటిదిబ్బ. అచ్చటి మన్ను పాటిమన్ను. రైతులు దానిని ద్రవ్వి బండ్లఁ దోలి పొలములకు నెరువుగా వేయుదురు. పదార్థము తెలియని విద్యార్థి పాటిమన్ను ననఁగా నొకానొక మట్టిజాతి యని తలఁచును. అది జనులు విడిచిపోయిన యూరి మన్ను. బూడిదయుఁ, బెంటయు, మిద్దెలు కూలిన మట్టియు నందుఁ గలసియున్నవి.

పాడునకుఁ దోడుగా నీ సీమ లెక్కలలో మఱి రెండు మాటలు గలవు. ఒకటి ఖిలము. సంస్కృతమున దున్నని నేలకు నీ పేరు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులందు గ్రామము ఖిలమగుట యని యూరికే యీ పదము వాడఁబడినది. రెండవది బేచిరాకు. ఇది పారసీకము. దీపము లేనిదని యవయవార్థము. రెవిన్యూ లెక్కలలో నెల్లలును, సర్వే సంఖ్యలును గలిగి, నివసించువారు లేని గ్రామము బేచిరాకు గ్రామము. సంస్కృతపదము నేలను జూచినది. తెలుఁగుపదము గోడలను జూచినది. పారసీకపదము రాత్రివేళ దీపమును జూచినది. మూఁడింటిలో నొక్కటియు దోఁచినవానిని జూడలేదు. అది కొల్లపని.

అనంతపుర సీమయందు రెండు పదముల ప్రవృత్తి

ఈ సీమలో సంవత్సరమునకుఁ గురియు వాన సుమారు 55 సెంటీమీటర్లు. నైరృతి వానలకుఁ బడమటి కనుమ లడ్డు. ఈశాన్యపు వానలు తీరమునుండి యింతదూరము వచ్చునప్పటికి క్షీణించును. పెన్న, చిత్రావతి, హగరి నదులు వత్సరమున నధికభాగ మిసుకయే. కాఁబట్టి పూర్వపు సేద్యము చెఱువులమీఁద నిలిచినది. అనంతపురము, బుక్కరాయసముద్రము, బుక్కపట్నము, ధర్మవరము చెఱువు లిందుకు నిదర్శనములు. చెఱువునకు జీవము కట్ట. కట్టకు జీవము దానిని గనిపెట్టియుండు జనులు.

1565వ సంవత్సరపు రాక్షసితంగడి యుద్ధము పిమ్మటఁ దిరుమలరాయలు పెనుగొండ చేరెను. అది మొదలు 1800వ సంవత్సరమున నైజాము కుంఫిణీవారికి దత్తముచేయు వఱకు నీ సీమ బిజాపురము, గోలకొండ, మొగలాయి, మహారాష్ట్ర, మైసూరు సేనలకును, స్థానిక పాళెగాండ్రకును రాకపోకల త్రోవయైనది. అనంతపురమును హండె వంశీయు లేలిరి. వారి చరిత్రమును జెప్పు వచనగ్రంథమును బ్రౌనుదొర రాజుల యుద్ధములను పేర 1853వ సంవత్సరమున మద్రాసులో నాంగ్లానువాదముతోఁ బ్రకటించెను. అది 1750 మొదలు 1810 వఱకుఁ గల కాలమున వ్రాయఁబడినదని గ్రంథముఖముననే కలదు. కొల్ల, పాడు అను మాటల భేద మెఱుఁగక యిట్టి గ్రంథమును జదువువానికి యుద్ధములన్నియు నొక్కటే పోలిక. ఎఱిఁగి చదువువానికి మూఁడు దశలు వేఱువేఱుగాఁ గనఁబడును.

మొదటిది దండు రాక. ధాన్యము, ఎద్దులు, నగలు పోవును. ఇది కొల్ల. రెండవది వలస. ఎద్దులు లేని రైతు దున్నఁజాలఁడు, విత్తనము లేనివాఁడు విత్తఁజాలఁడు, పొరుగుసీమకుఁ బోవును. మూఁడవది చెఱువు తెగుట. కట్టకు గండి పడినపుడు పూడ్చువా రుండరు. అటుపై వాన కురిసినను నీరు నిలువదు. మట్టిమిద్దెలు నాలుగైదేండ్లలోఁ గూలును. అప్పు డూరు పాడైనదని వ్రాయఁబడును. కొల్లకును బాడునకును నడుమ వలస యను దశ యొకటి కలదు. రెంటి నేకము చేసిన టిప్పణము నడిమి మనుష్యులనే తుడిచివేయుచున్నది.

కొల్ల యుండియుఁ బాడు లేకపోవుటయుఁ గలదు. 18వ శతాబ్దమున గుత్తిదుర్గాధిపతి మురారిరావు అనంతపురమును ముట్టడించి, ధనము గైకొని మరలెను. పట్టణము ధనము గోల్పోయినది, నిలిచినది. ఆ మురారిరావే 1776వ సంవత్సరమున గుత్తికోటలో నీరు చాలక హైదరాలీకి లోఁబడెను. పాడుండియుఁ గొల్ల లేకపోవుటయుఁ గలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును బీడించిన ధాతు కఱవునాఁ డీ సీమమీఁదికి దండేదియు రాలేదు. కఱవువలననే పల్లెలు దీపములేనివైనవి. ఒకటి లేక వేఱొకటి యుండఁగల రెండు విషయములను బర్యాయపదములతోఁ జెప్పుట యెట్లు?

మఱియొక విశేషము. విస్తారార్థమునఁ గొల్లకుఁ గఱవు విరుద్ధపదము. దోఁపిడి యర్థమున నదే కఱవు కొల్లకుఁ దోడు. గింజలు కొల్లలుగా నున్న యేఁడు కఱవు లేదు. గింజలు కొల్లవోయిన యేఁడు వాన కురిసినను గఱవే. ఒక్క పదము కఱవునకుఁ బగయుఁ జుట్టమును నగుట యీ మెట్టసీమలో నిఘంటువు చమత్కారము కాదు, పంటలెక్క.

ఆక్షేపసమాధానములు

కొల్లగొట్టి పాడుచేసిరని జంటగాఁ జెప్పుట వాడుకలోఁ గలదు గదా, రెండును నొక్కటి కావా యని యడుగవచ్చును. జంటగాఁ జెప్పుటయే భేదమునకు సాక్ష్యము. క్త్వార్థకము ముందరి పనిని జెప్పును. సమాపకక్రియ వెనుకటి పనిని జెప్పును. వండి తినిరన్నచో వంటయుఁ దిండియు నొక్కటి కావు.

అనంతపురమందలి దత్తమండల కళాశాలలోఁ బండితులై యుండిన చిలుకూరి నారాయణరావుగారు 1937వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన ఆంధ్రభాషా చరిత్రమునఁ దెలుఁగు ప్రాకృతజన్య మని వాదించిరి. ఆ గ్రంథమందలి పదసామగ్రి యమూల్యము. ఐనను గొల్లవిషయమున నా మార్గము పనికిరాదు. కొను ధాతువుతోడి సంబంధమును, బ్రేరణరూపమందలి లకారమును, తమిళ కన్నడముల సోదరపదములును, రెండర్థముల సామ్యమును నొక్క దెసనే చూపుచున్నవి. ప్రాకృతమునుండి దీనిని దెచ్చుటకు నిన్నింటిని విడువవలసివచ్చును.

ఆ పండితులే 1928వ సంవత్సరమున నంద్యాల సభలో దత్తమండలము లను పేరునకు బదులు రాయలసీమ యను పేరును సూచించిరి. వ్యుత్పత్తివిషయమున వారితో నేకీభవింపనివారును నీ విషయమున వారి భాషాజ్ఞానమును మెచ్చక తప్పదు. దత్త మనఁగా నీయఁబడినది. ఇచ్చినవాఁడు నైజాము, పుచ్చుకొన్నవారు కుంఫిణీవారు, అందలి జనుల మాట యా పేరులో లేదు. పేరు మాఱుటతో నా లోపము తీఱినది. పదము దాఁచిన దానిని బదమే చూపవలెనని వారెఱుఁగుదురు.

నేఁటి పత్రికలలో నిసుకను, గనులను, అడవులను గొల్లగొట్టుచున్నారను ప్రయోగము తఱచు. ఇచ్చటఁ గొల్లకుఁ బాడను నర్థమే వచ్చినదని చెప్పువారు గలరు. అదియు సరికాదు. ఏఱు పాడైన దన్నచో విచారము మాత్రమే తోఁచును. ఏటియిసుకను గొల్లగొట్టిరన్నచోఁ గొన్నవా రెవరని ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకొఱకే వ్రాయువాఁడు కొల్లను గోరుకొన్నాఁడు. పదము తన మూలార్థమును విడువలేదనుట కిదియే ప్రబలప్రమాణము.

ఫలితార్థము

కొల్లకు మూలార్థము లెక్కయు వెలయు లేక కొనుట. దానినుండి బలిమిచేఁ గొనుట యని యొకటియు, లెక్కలేని సమృద్ధి యని యొకటియు నర్థములు పుట్టినవి. పాడునకు వస్తువు శిథిలమగుట యర్థము. ఒకటి రెండవదానికిఁ గారణము కావచ్చును, పర్యాయము కాదు. టిప్పణకారులు కొల్లగొట్టు నను చోట నపహరించుట యనియు, పాడుచేయు నను చోట శిథిలము చేయుట యనియు వ్రాయవలెను. నిఘంటుకర్తలు కొల్లయొక్క రెండర్థములను నొక్క పదముక్రిందనే చూపి, వాని సంబంధమును దెలుపవలెను. పాటి, ఖిలము, బేచిరాకు అను మాటలను సీమవాడుకతోఁ జేర్చి వివరింపవలెను.

అనంతపుర సీమ బాలుఁడు తన యూరి ప్రక్కనున్న పాటిదిబ్బను జూచి యది యెట్లయ్యెనని యడిగినచో, వానలేక పాడైనదని చెప్పుట సగము సమాధానము. ఎవ్వరును రాకయే పాడైనదా, వచ్చి కొల్లగొన్న పిమ్మటఁ బాడైనదా యని విడఁదీసి చెప్పఁగల మాటలు తెలుఁగున నున్నవి. వానిని గలిపివేయక చెప్పుట పండితుల పని.